పాటని ఫ్రీ యాప్‌లో పెట్టాలా వద్దా: మీ టీమ్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులు

మొన్నామధ్య మేం నలుగురం కలిసి ఒక పాట పూర్తి చేశాం. మిక్సింగ్ అయిపోయింది, కవర్ ఫోటో కూడా రెడీ, ఇంక రిలీజ్ చేయడమే అనుకునేసరికి గొడవ మొదలైంది. పాడిన చెల్లె ఏమో "ఎవడైనా పైసా ఇవ్వకుండా వినేసే యాప్‌లో పెడితే మన కష్టానికి విలువేముంది అన్నా, నేనైతే పెట్టొద్దంటా" అంది. ప్యాడ్స్ వాయించే తమ్ముడు "పెట్టకపోతే అసలు వినేదెవరు, మనమేమైనా సినిమా వాళ్ళమా" అన్నాడు. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నారు, టీ కూడా చల్లారిపోయింది. పాట రాసిన సార్ హనుమకొండలో టీచర్, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు, ఆయన అప్పటిదాకా మాట్లాడకుండా విని చివర్లో ఒక్కటే అడిగారు: "నా పేరు పడుతుందా?"

అప్పుడు మేమెవరం ఆ ప్రశ్నని పెద్దగా పట్టించుకోలేదు కానీ ఆ తర్వాత నాకు అర్థమైందేంటంటే ఆ గదిలో అసలు సంగతి అడిగింది ఆయనొక్కరే. మనం పైసల దగ్గర ఆగిపోయి కొట్టుకుంటాం, ఈలోపు పేరు, హక్కు, ఫైలు మన చేతిలోంచి జారిపోతాయి. మా పాటతో పాటు తెలిసినవాళ్ళ పాటలు ఒక డజను దాకా నేనే అప్‌లోడ్ చేసిపెట్టా కాబట్టి, సొంతంగా పాటలు చేసుకునే మనవాళ్ళకి పనికొస్తుందని నాకు తెలిసిన పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు, ఫ్రీ అంటే ఎవరికి ఫ్రీనో తెలుసుకోండి

వినేవాడికి ఫ్రీ, అంతే. మధ్యలో యాడ్స్ వస్తాయి కదా, ఆ యాడ్ ఇచ్చిన కంపెనీ డబ్బు కడుతుంది. ఆ యాడ్స్ డబ్బు, నెలనెలా కట్టేవాళ్ళ డబ్బు కలిపి యాప్‌కి వచ్చే ఆదాయంలో స్పాటిఫై లాంటివి దాదాపు మూడింట రెండొంతులు పాటల హక్కుదారులకి పంచుతాయి. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, "ఒక ప్లేకి ఎంత ఇస్తారు" అని అడుగుతారు, అసలు అలా ఫిక్స్‌డ్ రేటు ఏమీ ఉండదు. ఆ నెలలో ఆ దేశంలో పోగైన డబ్బుని అక్కడ జరిగిన మొత్తం ప్లేలతో చూసి, అందులో మన పాట వాటా ఎంతో అంత ఇస్తారు. కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. ఫ్రీగా వినేవాడి నుంచి వచ్చే యాడ్ డబ్బు తక్కువ కాబట్టి అక్కడ మన వాటా కూడా తక్కువే, నెలనెలా కట్టేవాడు వింటే కొంచెం ఎక్కువ, అదే అమెరికాలో కట్టేవాడు వింటే ఇంకా ఎక్కువ.

మా మొదటి స్టేట్‌మెంట్ తెరిచినప్పుడు ఇది కళ్ళారా చూశా. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో లైన్‌కి నెల, యాప్ పేరు, దేశం, ఎన్ని ప్లేలు, ఎన్ని డాలర్లు అని ఉంటుంది, డాలర్ల కాలమ్‌లో పాయింట్ తర్వాత సున్నాలు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఇండియాలో ఫ్రీగా విన్న లైన్‌లో నలభై ప్లేలకి వచ్చింది, అమెరికా లైన్‌లో నాలుగు ప్లేలకి వచ్చింది దాదాపు ఒకటే! ఆ నాలుగు ప్లేలు డల్లాస్‌లో ఉన్న మా చిన్నమ్మ కొడుకు విన్నవే అని నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే అక్కడ మా పాట సంగతి తెలిసింది వాడొక్కడికే. అందుకే బయటి దేశాల్లో మీ చుట్టాలు, ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళకి లింక్ పంపడానికి మొహమాటపడొద్దు, వాళ్ళు వినే ఒక్కో ప్లే మీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది.

ఇంకో ముఖ్యమైన రూల్. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు ఉంటేనే ఆ రికార్డింగ్‌కి రాయల్టీ (పాట వాడుకున్నందుకు ఇచ్చే వాటా) లెక్క మొదలవుతుంది, అంతకన్నా తక్కువైతే సున్నా. చిన్న ఆర్టిస్టులకి ఇది బాధగానే ఉంటుంది, నాకూ నచ్చలేదు, 900 మంది విన్నా 900 మందే కదా. కానీ రూల్ అది కాబట్టి నెలకో పాట గబగబా వదిలేసి ఏదీ వెయ్యి దాటకుండా చేసుకునేకన్నా, ఒక్క పాటని పట్టుకుని ఆర్నెల్లు దాని వెంట తిరగడం మేలు.

కోపం వస్తే రానివ్వండి, కానీ ఎవరి కోపం ఎందుకో చూడండి

మా చెల్లె అన్న మాట కొత్తదేం కాదు. 2013లో రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్ తన ఇంకో బ్యాండ్ పాటల్ని స్పాటిఫై నుంచి తీసేశాడు, కొత్త ఆర్టిస్టులకి ఇందులో ఏమీ మిగలట్లేదనేది ఆయన వాదన. 2014 నవంబర్‌లో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఫ్రీగా వినేవాళ్ళకి నా పాటలెందుకు అని మొత్తం తీసేసుకుంది, 2017లో మళ్ళీ వచ్చింది. ఈమధ్యలో 2015లో యాపిల్ మ్యూజిక్ మొదలుపెడుతూ మూడు నెలలు ఫ్రీ ట్రయల్ అని, ఆ మూడు నెలలకి ఆర్టిస్టులకి డబ్బులు ఇవ్వం అని చెప్తే ఆమె బహిరంగంగా ఒక లేఖ రాసింది, యాపిల్ ఒక్క రోజులోనే వెనక్కి తగ్గి ట్రయల్ టైమ్‌కి కూడా ఇస్తామంది. దాని వల్ల అందరికీ మేలు జరిగింది, చిన్నవాళ్ళతో సహా.

నేను చెప్పేదేంటంటే వాళ్ళు తీసేస్తే పేపర్లో వస్తుంది, మనం తీసేస్తే మన ఇంటి పక్కవాళ్ళకి కూడా తెలియదు. అలా అని మన కోపం తప్పని కాదు, ఆ పద్ధతి మనకి పనిచేయదు అంతే.

ఇంకోవైపు మా సీనియర్ కీబోర్డ్ ప్లేయర్ ఒకాయన ఉన్నారు, క్యాసెట్ల కాలం నుంచి ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నారు, ఆయనకి ఈ ఫ్రీ యాప్‌ల మీద కోపమే లేదు. "క్యాసెట్ పోయాక కోఠి ఫుట్‌పాత్ మీద ఒకే సీడీలో నూటయాభై పాటలు ఎక్కించి అమ్మేవాళ్ళు, తర్వాత ఫ్రీ డౌన్‌లోడ్ సైట్లు వచ్చినయ్, అప్పుడు మనకి వచ్చింది గుండుసున్నా, పేరు కూడా ఉండేది కాదు, ఇప్పుడు కనీసం ఎన్నిసార్లు విన్నారో లెక్కయినా తెలుస్తోంది కదరా" అంటారు. ఆ మాటలో కూడా నిజం ఉంది. క్లాస్ చెప్పుకుని బతికే సంగీతం టీచరుకి ఒక అభిప్రాయం, పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళకి ఒకటి, ఇంట్లో లాప్‌టాప్ మీద బీట్స్ చేసే పిల్లలకి ఇంకొకటి ఉంటుంది. ఎవరికి అన్నం ఎక్కడి నుంచి వస్తుందో దాన్ని బట్టే ఈ అభిప్రాయాలు కూడా ఉంటాయి. అందుకే టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు ముందు ఒక్కొక్కరిని "ఈ పాట వల్ల నీకేం కావాలి" అని అడగండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో ప్రోగ్రామ్‌లు కావాలా, సినిమా వాళ్ళకి వినిపించడానికి ఒక లింక్ కావాలా, పేరు కావాలా, నిజంగా డబ్బే కావాలా. మా దగ్గర ఈ ప్రశ్న అడిగాక పది నిమిషాల్లో వాదన ఆగిపోయింది, చెల్లెకి కావాల్సింది స్టేజి ప్రోగ్రామ్‌లు, దానికి పాట అందరికీ దొరకాలి కదా అని తనే అంది.

అప్‌లోడ్ కన్నా ముందు ఒక కాగితం

ఈ ముక్క మాత్రం దయచేసి దాటేయకండి. పాట హిట్టయ్యాక రాసుకుందాం అనుకుంటారు, హిట్టయ్యాక ఎవరూ సంతకం పెట్టరు.

తెల్లకాగితం చాలు. పైన పాట పేరు, తేదీ. కింద ఒక్కొక్కరి పేరు ఆధార్‌లో ఉన్నట్టు, ఫోన్ నంబర్, ఏం చేశారు, ఎంత వాటా. ఇందులో రెండు లెక్కలు వేరువేరుగా రాయాలి. ఒకటి పాటది, అంటే సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్‌ది, అంటే మనం స్టూడియోలో చేసిన ఆ ఫైలు, దాన్నే మాస్టర్ అంటారు. సాహిత్యం రాసినాయన స్టూడియోకే రాకపోయినా పాటలో ఆయనకి వాటా ఉంటుంది, రికార్డింగ్‌కి డబ్బు పెట్టినవాళ్ళకి మాస్టర్‌లో వాటా ఉంటుంది. మాది ఎలా రాసుకున్నామంటే పాటలో సార్‌కి సగం, బాణీ కట్టిన నాకు సగం. మాస్టర్‌లో నలుగురికి సమానంగా పావు పావు. ఫ్లూట్ వాయించిన అన్నకి ఆరోజే డబ్బులిచ్చేశాం, ఆ సంగతి కూడా "ఫ్లూట్‌కి ఇంత ఇచ్చాం, వాటా లేదు, పేరు మాత్రం వేస్తాం" అని రాసి ఆయన సంతకం తీసుకున్నాం. నలుగురు సంతకాలు పెట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయండి, తేదీతో సహా అక్కడ ఉంటుంది.

ఆ కాగితంలోనే ఇంకో లైన్ కూడా రాయండి: లాగిన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఒకరు టీమ్ నుంచి వెళ్ళిపోతే ఏంటి. అకౌంట్ ఒకరి సొంత మెయిల్ మీద పెట్టొద్దు, పాటల కోసమే ఒక మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. తెలిసిన బ్యాండ్ ఒకటి విడిపోయినప్పుడు లాగిన్ ఉన్నతను ఫోన్ ఎత్తడం మానేశాడు, మిగతా ముగ్గురికి వాళ్ళ పాట మీద వాళ్ళకే దారి లేకుండా పోయింది.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో. మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు, హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ లాంటివాళ్ళు రాజ్యసభలో దీని కోసం గట్టిగా నిలబడ్డారు. దాని ప్రకారం పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు రాయల్టీలో తమ వాటాని వదులుకుంటున్నాం అని రాసిచ్చినా అది చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఆ హక్కు ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు. అందుకే ఎవరైనా చానెల్ వాళ్ళు "మొత్తం హక్కులు మీకే, రాయల్టీ కూడా అడగను" అని కాగితం మీద సంతకం అడిగితే కంగారుపడి పెట్టేయకండి, ఒకరోజు టైమ్ అడిగి తెలిసిన లాయర్‌కి చూపించండి. రచయితలు, కంపోజర్లు ఐపీఆర్‌ఎస్‌లో మెంబర్‌గా చేరొచ్చు, వాళ్ళ తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ అది, 1969 నుంచి ఉంది, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. యాప్‌లు పాటకి, అంటే సాహిత్యం, బాణీలకి కట్టే రాయల్టీ అటు నుంచి వస్తుంది, మీ పాటని యాప్‌లకి పంపే మధ్యవర్తి కంపెనీ, అంటే డిస్ట్రిబ్యూటర్, ఇచ్చే డబ్బులో అది రాదు. ఈ తేడా తెలియక రావాల్సిన డబ్బులో కొంత అడగకుండానే వదిలేసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. గాయకులకి కూడా 2013 నుంచి వేరే సంఘం ఉంది, మొదట ఇస్రా అనేవాళ్ళు, ఇప్పుడు ఇసామ్రా అంటున్నారు.

జానపదం పాడేవాళ్ళకి ప్రత్యేకంగా

తెలంగాణలో యూట్యూబ్ జానపద పాటలు ఏ రేంజ్‌లో నడుస్తున్నాయో చెప్పక్కర్లేదు, ఊళ్ళో డీజే పెడితే సినిమా పాటల కన్నా ఇవే ఎక్కువ మోగుతున్నాయి. కానీ పాడిన అమ్మాయికి ముట్టేది చాలాసార్లు ఒకేసారి ఇచ్చే కొద్ది మొత్తం, తర్వాత ఆ వీడియో కోట్లలో నడిచినా ఆమెకి ఏమీ ఉండదు. ఇక్కడ వినేవాడు ఫ్రీగా వినడం వల్ల ఆమెకి అన్యాయం జరగలేదు, యాడ్స్ డబ్బు వచ్చింది, అది ఆమె దాకా రాలేదు. ఆ తేడా చూడమని ప్రతి ఒక్కరికీ చెప్తా.

మీ అమ్మమ్మ నాట్లేస్తూ పాడిన పాటని మీరు పాడి పెట్టాలనుకుంటే, రచయిత అని అడిగిన గడిలో మీ పేరు రాసుకోకండి. అది సంప్రదాయ పాట, "ట్రెడిషనల్" అని రాసే వీలు ఉంటుంది. మీరు చేసిన రికార్డింగ్, కొత్తగా కట్టిన మ్యూజిక్ మాత్రమే మీది. చరణాలు కొత్తగా రాస్తే ఆ సంగతి వివరంగా చెప్పండి. డిస్క్రిప్షన్‌లో "ఈ పాట చెప్పినవారు" అని ఆ ముసలమ్మ పేరు, ఊరు, ఆమెని అడిగి వేయండి, ఒక్క లైనే కానీ ఆమె మనవళ్ళు చూసుకుంటారు. ఇంకోటి, ఊరందరిదీ అయిన పాట మీద యూట్యూబ్‌లో వేరేవాళ్ళు కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఈ పాట మాదే అని యూట్యూబ్‌లో వేసే దావా) వేస్తే భయపడి వీడియో తీసేయకండి, రికార్డింగ్ మీదే అయితే కాదని చెప్పడానికి డిస్ప్యూట్ బటన్ ఉంటుంది, మీ ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైలు, రికార్డింగ్ చేసిన తేదీ దాచిపెట్టుకుంటే ధైర్యంగా నొక్కొచ్చు.

సినిమా పాటల కవర్, అంటే ఆ పాటని మనం మళ్ళీ పాడి పెట్టడం, దాని సంగతి క్లుప్తంగా: హక్కు ఆడియో కంపెనీది, పర్మిషన్ లేకుండా ఆడియో యాప్‌ల్లో పెట్టకండి. యూట్యూబ్‌లో పెడితే చాలావరకు వీడియో ఉంటుంది కానీ యాడ్ డబ్బు వాళ్ళకి పోతుంది. పేరు కోసం అయితే ఓకే, డబ్బు లెక్కలో వేసుకోవద్దు.

ఇక అప్‌లోడ్

స్పాటిఫై, యాపిల్ లాంటివాటిలో మనం నేరుగా పెట్టలేం, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ కావాలి. డిస్ట్రోకిడ్ సంవత్సరానికి ఇంత అని తీసుకుని వచ్చిందంతా మనకే ఇస్తుంది, కానీ కట్టడం ఆపేస్తే పాటలు తీసేసే ప్రమాదం ఉంటుంది, ఉంచాలంటే పాటకి అదనంగా కట్టాలి. సీడీ బేబీ ఒకసారి తీసుకుని వచ్చేదాంట్లో 9 శాతం ఉంచుకుంటుంది. రూట్‌నోట్‌లో ఫ్రీగా పెట్టొచ్చు, 15 శాతం వాళ్ళకి. మొదటి పాట, చేతిలో డబ్బుల్లేవు అంటే నేనైతే ఫ్రీదాంతోనే మొదలుపెట్టమంటా, నష్టపోయేదేం లేదు. ఏదైనా సరే, ఇక్కడివాళ్ళైనా బయటివాళ్ళైనా, ఒప్పందంలో "ఎక్స్‌క్లూజివ్" (అంటే పాట వాళ్ళ ద్వారా మాత్రమే పెట్టాలనడం), "ఎన్నేళ్ళు", "తీసేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి" ఈ మూడు వెతికి చదవండి. ఐదేళ్ళు, పదేళ్ళు కట్టిపడేసే కాగితాలు కూడా తిరుగుతుంటాయి.

ఫైలు వేవ్ ఫార్మాట్‌లో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంతకన్నా మంచిదైనా సరే, ఎంపీత్రీ వద్దు. కవర్ ఫోటో చదరంగా 3000 బై 3000 పిక్సెల్స్. సౌండ్ మరీ పెంచి నలిపేయకండి, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చేస్తుంది, మీరు ఎంత గట్టిగా పెట్టినా అది తగ్గించేస్తుంది, డప్పు దెబ్బలో ఉన్న ఊపు పోవడం తప్ప లాభం లేదు. ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఒకటి వస్తుంది, ఆ రికార్డింగ్‌కి అది ఆధార్ నంబర్ లాంటిది, రాసిపెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్ మారినా అదే కోడ్ ఇస్తే పాత ప్లేల లెక్క పోకుండా ఉండే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు మా పొరపాటు. ఫారమ్ నింపేటప్పుడు రాత్రి పన్నెండు దాటింది, "సాంగ్‌రైటర్" అనే గడి ఒకటే చూసి బాణీ కట్టింది నేనే కదా అని నా పేరు రాసేశా. సాహిత్యానికి ఇంకో పేరు కలపాలంటే పక్కనే చిన్న ప్లస్ గుర్తు ఉంది, అది నొక్కాలని తట్టలేదు. పాట లైవ్ అయ్యాక సార్ వాళ్ళ అబ్బాయి ఫోన్‌లో మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ చూశాడు, అక్కడ రచయిత దగ్గర నా పేరు ఒక్కటే ఉంది. సార్ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ పెట్టి, మళ్ళీ మెయిల్ పెట్టి, అన్ని యాప్‌ల్లో సరయ్యేసరికి మూడు వారాలు పట్టింది. అందుకని సబ్మిట్ నొక్కే ముందు ఆ స్క్రీన్ ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి, ఎవరి పేరు వాళ్ళు చూసుకుని "ఓకే" అన్నాకే నొక్కండి. ఆర్టిస్ట్ పేరు స్పెల్లింగ్ అన్నిచోట్లా ఒకటే ఉండాలి, మన పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో పదిరకాలుగా రాస్తాం కదా, ఒక అక్షరం మారితే ఇంకో ప్రొఫైల్ తయారవుతుంది, లేదా అదే పేరున్న వేరేవాళ్ళ పేజీలోకి మన పాట పోతుంది. భాష దగ్గర తెలుగు అని పెట్టడం మర్చిపోవద్దు, ఏమీ మార్చకపోతే ఇంగ్లీష్ అని ఉండిపోతుంది.

రిలీజ్ డేట్ కనీసం మూడు, నాలుగు వారాల తర్వాత పెట్టుకోండి. ఆర్టిస్టుల కోసం స్పాటిఫై పెట్టిన స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ప్లేలిస్టులు చూసే ఎడిటర్లకి పాట పంపించే ఆప్షన్ ఉంటుంది, అది రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందు చేయాలి, పాట బయటికొచ్చాక కుదరదు. రీల్స్‌కి పాట ఎక్కడ నుంచి మొదలవ్వాలో సెకన్లు రాసే చోటు కూడా కొన్ని ఫారమ్‌లలో ఉంటుంది, ఖాళీగా వదిలేస్తే మీ పాట ముందున్న ఇరవై సెకన్ల మ్యూజిక్కే వస్తుంది, జనం స్కిప్ చేస్తారు. మా పాటలో మంచి ముక్క రెండో చరణం చివర ఉంది, అది పెట్టాం.

డబ్బు వచ్చే దారి కూడా అప్పుడే సరిచేసుకోండి. అమెరికా కంపెనీ అయితే డబ్ల్యూ ఎయిట్ బెన్ అని ట్యాక్స్ ఫారమ్ అడుగుతారు, అందులో పాన్ నంబర్ ఇచ్చి ఇండియా ఒప్పందం కింద అని పెడితే అక్కడి ఆదాయం మీద రాయల్టీకి 15 శాతం కోస్తారు, నింపకపోతే 30 శాతం దాకా పోతుంది. అసలు వచ్చేదే తక్కువ, అందులో ఊరికే ఇంకో 15 శాతం కోయించుకోవడం ఎందుకు.

కొన్న ప్లేల జోలికి పోవద్దు

పాట లైవ్ అయిన రెండో రోజు నుంచే ఇన్‌స్టాలో మెసేజ్‌లు మొదలవుతాయి, "రెండు వేలకి యాభై వేల స్ట్రీమ్స్, గ్యారంటీ" అని. వెయ్యి దాటాలనే తొందరలో ఉన్నవాళ్ళకి ఇది చాలా ఆశగా ఉంటుంది, నాకు తెలిసిన కుర్రాడు ఒకడు కట్టాడు. ప్లేలు వచ్చాయి, అన్నీ మనకి సంబంధం లేని ఏవో దేశాల నుంచి, తెలుగు పాటకి! నెల తిరిగేసరికి ప్లేలు లెక్కలోంచి తీసేశారు, తర్వాత పాటే తీసేశారు. దొంగ ప్లేలు ఎక్కువైతే 2024 నుంచి స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా వేస్తోంది, వాళ్ళు దాన్ని మన మీదకి తోస్తారు, అకౌంట్ మూసేస్తారు. వాడు కష్టపడి నిజంగా సంపాదించుకున్న ఆరేడు వందల ప్లేలు కూడా పోయాయి. డబ్బు తక్కువ రావడం ఒక బాధ, మన పాట మీద దొంగ ముద్ర పడటం వేరే బాధ, రెండోది మన చేతులారా తెచ్చుకునేది.

ఒక్క యాప్‌ని నమ్ముకోవద్దు

పాటల యాప్‌ల్లో రెస్సో 2024 జనవరితో ఇండియాలో మూతపడింది, అదే ఏడాది ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ కూడా ఆపేశారు, గానా 2022లోనే ఫ్రీ తీసేసి డబ్బులు కట్టేవాళ్ళకే అంది. అక్కడే ప్లేలిస్టులు చేసుకుని, ఫాలోవర్స్‌ని పోగేసుకున్నవాళ్ళ శ్రమ అంతా ఏమైపోయింది? అందుకే మాస్టర్ ఫైళ్ళు, ఒక్కో వాయిద్యం విడిగా ఉన్న ట్రాకులు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండిళ్ళలో పెట్టుకోండి. మీ పాట నచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు అడిగి ఒక వాట్సాప్ లిస్టు చేసుకోండి, ప్రోగ్రామ్ అయ్యాక స్టేజి దగ్గరికి వచ్చి మాట్లాడేవాళ్ళు ఉంటారు కదా, ముందు వాళ్ళతో మొదలుపెట్టండి. మాకు అలా చేరినవాళ్ళు వందమంది లోపే, అయినా మాకు వచ్చిన నాలుగు ప్రోగ్రామ్‌లలో మూడు ఆ లిస్టులోంచే వచ్చాయి, వాళ్ళు మొదట మమ్మల్ని విన్నది మాత్రం ఫ్రీ యాప్‌లోనే.

అన్నీ ఫ్రీగా పెట్టాల్సిన పని కూడా లేదు. పాట పెట్టండి, కానీ లైవ్‌లో పాడిన పొడుగు వెర్షన్, పాడుకోవడానికి వీలుగా గొంతు లేని ట్రాక్, ఇలాంటివి అడిగినవాళ్ళకి డబ్బులు తీసుకుని ఇవ్వొచ్చు. స్కూల్ యాన్యువల్ డేలకి ఆ గొంతు లేని ట్రాక్ కోసం అడుగుతారు, ఫోన్‌పేలో వేయించుకుని పంపడమే. బయటి దేశాల్లో వినేవాళ్ళు ఉంటే బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో అమ్మకానికి పెట్టొచ్చు, డిజిటల్ పాటల మీద వాళ్ళు తీసుకునేది 15 శాతం, మిగతాది పేమెంట్ చార్జీలు పోను మనకే. నచ్చి కొనేవాడు ఒక్కడు దొరికినా అది వందల ఫ్రీ ప్లేలకి సమానం.

ఆఖరిది స్టేట్‌మెంట్. రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది, కంగారుపడొద్దు. వచ్చిన ప్రతిసారీ ఆ షీట్ అలాగే గ్రూప్‌లో పెట్టండి, ఎంత తక్కువున్నా సరే, వాటాలు లెక్కేసి పంపేయండి. "ఇంత చిన్న మొత్తం ఏం పంచుతాం, పోగయ్యాక చూద్దాం" అనుకుంటే అక్కడి నుంచే అనుమానాలు మొదలవుతాయి. మేం మొదటిసారి పంచుకున్నప్పుడు సార్ వాటా 63 రూపాయలు, ఫోన్‌పే చేసి ఫోన్ చేశా. డబ్బు అందిందని చెప్పి, "ఒకసారి ఇంటికొచ్చి ఆ పేరు ఎక్కడ కనిపిస్తుందో మీ అక్కకి చూపించు, నాకు ఆ మూడు చుక్కలు దొరకట్లేదు" అన్నారు. ఆ ఆదివారం వెళ్ళి చూపించా.